నాన్న నిమ్ముకు పేరు దొరికింది

దోహాలో మేముండే ఫరీజ్ బిన్ మహమూద్‌కీ గుంటూరు జిల్లాలో మా ఊరికీ రెండున్నర గంటల తేడా. అక్కడ తెల్లారినా ఇక్కడ ఇంకా చీకటే. 2025 అక్టోబరులో పదకొండు రోజులు ఆ తేడా లెక్కపెట్టుకుంటూనే గడిపాను. నాన్న ఐసీయూలో ఉన్నారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము.

ముందు మామూలు జ్వరమే అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. నాలుగో రోజుకి ఆయాసం. గుంటూరు తీసుకెళ్లగానే వెంటిలేటర్ పెట్టారు. కల్చర్ రిపోర్టులో ఒకటే మాట: నో గ్రోత్.

తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్లలో బ్యాక్టీరియా డీఎన్‌ఏ చదివే పరీక్ష ఉందంట. శాంపిల్ వేరే ఊరు పంపాలంట. ఖర్చు బాగానే అవుద్ది. నువ్వు చదివింది ఇదేగా, చేయించమంటావా?"

నేను చదివింది బీఎస్సీ మైక్రోబయాలజీ, అదీ పదిహేనేళ్ల కిందట. పెళ్లయ్యాక నేను పెంచిన బ్యాక్టీరియా పెరుగు తోడు ఒక్కటే. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక వంటగదిలో కూర్చుని మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

కల్చర్ కూడా తోడు పెట్టడం లాంటిదే. బ్యాక్టీరియా బతికుండాలి, మనం వేసిన మేత దానికి సరిపడాలి, ఒకటి రెండు రోజులు ఆగాలి. యాంటీబయాటిక్ ముందే పడితే చాలాసార్లు ఏదీ మొలవదు. నాన్న విషయంలో జరిగింది అదే అయ్యుండాలి. ఇది మన దగ్గరే ఉన్న చిక్కు కాదు. అమెరికాలో నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన 2,259 మందిని అన్ని రకాలుగా పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. 62 శాతం మందిలో ఏ క్రిమీ దొరకలేదు.

సీక్వెన్సింగ్‌కి ఏదీ మొలవనక్కర్లేదు. శాంపిల్‌లో ఉన్న డీఎన్‌ఏ ముక్కలన్నీ చదివి, ఏ ముక్క ఏ జీవిదో కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు. చచ్చిన బ్యాక్టీరియా ముక్కలు కూడా దొరకొచ్చు. చిక్కల్లా, ఆ ముక్కల్లో అత్యధిక భాగం మనిషివే. ఇంగ్లండ్‌లో నార్విచ్ శాస్త్రవేత్తలు దీనికొక ఉపాయం చేశారు. సపోనిన్‌తో మనిషి కణాలను పగలగొట్టి, బయటపడ్డ డీఎన్‌ఏని ఎంజైముతో తినిపించేశారు. బ్యాక్టీరియా గట్టివి కాబట్టి మిగులుతాయి. 2019లో వాళ్లు ప్రచురించిన పద్ధతిలో ఆరు గంటల్లో ఫలితం వచ్చింది. మన కుంకుడుకాయకు నురగ వచ్చేది కూడా సపోనిన్ల వల్లే! ఆ రాత్రి అంత దిగుల్లోనూ ఇది చదివి నవ్వొచ్చింది.

చేయించమన్నాను.

రెండు రోజులకి రిపోర్టు వచ్చింది. తమ్ముడు ఫొటో పంపితే గుండె జారిపోయింది, అన్ని పేర్లున్నాయి. చాలావరకు నోట్లో మామూలుగా ఉండేవే. అసలు కష్టం ఇక్కడే. ఉన్నదంతా రోగకారకం కాదు, ఏది దొంగో డాక్టరే తేల్చాలి. కింద ఒక మూల, కొద్ది ముక్కలతో, బర్ఖోల్డేరియా సూడోమల్లై.

డాక్టరు గారు తమ్ముణ్ణి అడిగిన మొదటి ప్రశ్న: "మీ నాన్నగారు వరి పొలంలో దిగుతారా? షుగర్ ఉందా?" రెండూ అవునే.

ఇది మెలియాయిడోసిస్ తెచ్చే బ్యాక్టీరియా. మట్టిలో, నిలవ నీళ్లలో ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఒంట్లో మామూలుగా ఉండేది కాదు కాబట్టి కొంచెం కనపడినా వదలకూడదు. ల్యాబుల్లో దీన్ని సూడోమోనాస్ అని పొరబడటమూ ఉంది. అంతకు నెల ముందే గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాల వార్తల్లో ఈ పేరు విన్నాం. అనుమానంగానే. మన ఇంటి దాకా వస్తుందని అనుకోలేదు.

ఇంకో పరీక్షతో ఖాయం చేసుకుని మందు మార్చారు. మెరోపెనెమ్ రెండు వారాలు. ఆ తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు మూడు నెలలు, మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని గట్టిగా చెప్పారు. పేరు తెలియకపోతే ఆ మూడు నెలల సంగతి ఎవరు చెప్పేవారు? అంతమాత్రాన సీక్వెన్సింగ్ వస్తే కల్చర్ అక్కర్లేదనుకోకండి. ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ఇప్పటికీ పెంచి చూడటమే నమ్మకం.

మా పై ఫ్లోర్‌లో ఉండే మలయాళీ నర్సుకి ఇదంతా చెబితే ఒక మాటంది. సెలవుకి ఊరెళ్లి వచ్చాక జ్వరమొస్తే, లేదా విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి వస్తే, పొలం సంగతీ షుగర్ సంగతీ డాక్టరుకి మనమే చెప్పాలంది. నిజమే. ఈ ఎడారిలో వరి మడి ఎవరికి గుర్తొస్తుంది? పైగా ఈ జబ్బు కొందరిలో నెలలు, ఏళ్లు దాక్కుని బయటపడుతుంది.

మాత్రలు అయిపోయాయి. నాన్న మళ్లీ పొలానికి పోతున్నారు. తమ్ముడు గమ్ బూట్లు కొనిచ్చాడు. "అవేసుకుంటే గట్టు మీద జారుతోందే అమ్మాయ్" అంటారు ఫోన్‌లో. వెనక నుంచి అమ్మ గొంతు: "నమ్మకే, అరుగు మీద అట్టపెట్టెలోంచి ఇంతవరకు తీయలేదు."