గని కార్మికుడు కట్టిన బాణీ

వేల్స్ ప్రార్థనా మందిరాల్లో నేటికీ మారుమోగే ‘అబరిస్ట్విత్’ బాణీని కట్టిన జోసెఫ్ ప్యారీ తొమ్మిదేళ్లకే గనిలో పనికి దిగారని తెలుసా? ఆయన 1841లో మెర్థిర్ టిడ్‌ఫిల్ అనే ఇనుప కర్మాగారాల ఊళ్లో పుట్టారు. పన్నెండో ఏట కర్మాగారంలో చేరారు. ఇక బడికి తీరికెక్కడిది?

1854లో కుటుంబం అమెరికా వలస పోయింది. పెన్సిల్వేనియాలోని డాన్విల్‌లో రోలింగ్ మిల్లు పని దొరికింది. పదిహేడేళ్లు వచ్చేదాకా ప్యారీకి స్వరలిపి చదవడం రాదు. అప్పటిదాకా పాడినవన్నీ చెవితో పట్టినవే. అక్షరాలు దిద్దించినట్టు ఆయనకు సంగీతం నేర్పింది ఏ విద్వాంసులో కాదు, అదే మిల్లులో పనిచేసే తోటి వెల్ష్ కార్మికులు. కాలే ఇనుముతో కుస్తీపట్టేవాళ్లు కూర్చుని ఒక కుర్రాడికి స్వరమేళనం బోధించారు! ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఘట్టమే.

వేల్స్‌లో ‘ఐస్టెద్‌వొద్’ అని కవులకూ గాయకులకూ పెద్ద పోటీ జరుగుతుంది. అమెరికా నుంచి ప్యారీ పంపిన రచనలకు 1863లోనూ 1864లోనూ బహుమతులొచ్చాయి. ఇతన్ని చదివించాల్సిందేనని జనం చందాలు వేసుకున్నారు. ఆ డబ్బుతో 1868లో లండన్ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. 1874లో అబరిస్ట్విత్ కళాశాలకు తొలి సంగీతాచార్యులయ్యారు. 1878లో కేంబ్రిడ్జి డాక్టరేట్ అందుకున్నారు. అదే ఏడాది వెల్ష్ భాషలో తొలి ఒపెరా ‘బ్లోద్వెన్’ను వేదికెక్కించారు.

కొడుకుల్లో ఒకరికి హేడెన్ అనీ, మరొకరికి మెండెల్సన్ అనీ మహా స్వరకర్తల పేర్లు పెట్టుకున్నారు.

ఆ కళాశాల ఉన్న ఊరి పేరే పెట్టుకున్న ‘అబరిస్ట్విత్’ బాణీ 1879లో అచ్చయింది. ఛార్లెస్ వెస్లీ రాసిన ప్రసిద్ధ కీర్తనను చాలా చోట్ల ఈ బాణీలోనే పాడతారు. ఆఫ్రికాలో ఈనోక్ సొంటోంగా 1897లో కూర్చిన ‘న్కోసి సికెలెల్ ఇయాఫ్రికా’లో దీని పోలికలున్నాయని పలువురు అంటారు. ఆ పాట నేటి దక్షిణాఫ్రికా జాతీయగీతంలో భాగం.

ప్యారీ ఒక్కరే కాదు. ‘బ్రిన్ కల్వారియా’ బాణీ కట్టిన విలియం ఓవెన్ పలకరాయి క్వారీ కార్మికుడు. రగ్బీ మైదానాల్లో వేలమంది గొంతెత్తి పాడే ‘కుమ్ రోంథా’ బాణీకర్త జాన్ హ్యూస్ పన్నెండేళ్లకు బొగ్గుగనిలో చేరి, తర్వాత రైల్వే గుమాస్తా అయ్యారు.

ప్యారీ 1903లో పెనార్త్‌లో కన్నుమూశారు. మెర్థిర్‌లో ఆయన పుట్టిన చిన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ‘అబరిస్ట్విత్’ను వెల్ష్ బృందం నాలుగు గొంతుల్లో పాడగా ఒక్కసారైనా వినండి.