తీగలేని చిత్రప్రసారము

ఇంటిలో ఒక యంత్రమునందున్న చలనచిత్రమును గోడమీది టెలివిజనులో చూపవలెనన్న, ఆ రెంటిని కలుపుటకు సాధారణముగా ఒక తీగ వలయును. ఆ తీగను తొలగించుట సులభమనియే తోచును. వందల మైళ్ళ దూరమునుండి రేడియో వినవచ్చుచుండగా పది అడుగులు ఒక లెక్కయా? కాని చిక్కు దూరమున లేదు. పంపవలసిన సమాచారము యొక్క పరిమాణమున నున్నది.

లెక్క వేసి చూతము. హై డెఫినిషన్ చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు వలయును. సెకనుకు 60 చిత్రములు మారుచుండును. ఈ సంఖ్యలన్నింటిని హెచ్చించినచో సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లగును.

ఇంతటి ప్రవాహమునకు విశాలమైన మార్గము కావలెను. అది 60 గిగాహెర్ట్‌జుల ప్రాంతమున, అనగా సెకనుకు 6,000 కోట్ల కంపనములు గల తరంగములయందు లభించును. 2008లో వెలువడిన వైర్‌లెస్ హెచ్‌డి అను ప్రమాణము దీనినే స్వీకరించినది. ఈ తరంగముల పొడవు 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత చిన్న తరంగములను జగదీశచంద్ర బోసు 1890ల నాడే కలకత్తాలో పుట్టించి పరీక్షించెననుట మనము స్మరింపదగిన విషయము.

అయితే ఈ తరంగములు గోడలను దాటజాలవు. నడుమ మనుష్యుడు నిలిచినను అడ్డగింపబడును. కావుననే ఈ సాధనములందు పెక్కు చిన్న ఏంటెనాలను అమర్చి, అడ్డు వచ్చినపుడు గోడపై పరావర్తనము చెందించి, తరంగమును వేరొక దారిన మళ్ళింతురు.

రెండవ పద్ధతి సమాచారమునే కుదించుట. ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును మారని భాగములను మరల పంపక, మారిన వానినే పంపుదురు. 2012లో వచ్చిన మిరాకాస్ట్ ఈ విధమైనదే. సామాన్యమైన వైఫై తరంగములే దీనికి చాలును. అవి గోడను కూడ కొంతవరకు దాటును. కాని కుదించుటకును విప్పుటకును కొంత కాలము పట్టును; చిత్రమున కొన్ని సూక్ష్మాంశములు నశించును. సినిమా చూచువారికి ఆ ఆలస్యము తెలియదు. వీడియో ఆటలాడువారికి మాత్రము వెంటనే తెలియును.

మొదటి పద్ధతి గోడకు లొంగినది. రెండవది కాలమునకు లొంగినది. అయినను గోడను దాటలేకపోవుట కేవలము లోపము కాదు. అందువలననే ప్రక్కగదివారు అవే తరంగములను నిరాటంకముగా వాడుకొనగలరు. విద్యార్థులు ఏ క్రొత్త సాధనమును చూచినను, అది ఏమి చేయునో తెలిసికొనుటతో తృప్తిపడక, అందుకై దేనిని వదలుకొన్నదో కూడ విచారింపవలెను.