వాట్లు ఎన్ని? వెలుతురు ఎంత?

కోరుట్ల. పొద్దు గూకింది. ఒకామె చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుడుతోంది. పైన 60 వాట్ల గుండు బల్బు. అది టప్పున మాడిపోయింది. ఆమె దుకాణానికి పోయింది.

"అరవై బల్బు ఇయ్యి తమ్మీ."

"తొమ్మిది వాట్ల ఎల్ఈడీ తీసుకో అక్కా."

"తొమ్మిదా? గుడ్డి దీపమైతది. ఆకు కనపడద్దా?"

చాలామంది ఇట్లనే అనుకుంటారు. కాని వాట్లు వెలుతురు లెక్క కాదు. బల్బు ఎంత కరెంటు కాలుస్తదో చెప్పే లెక్క. వెలుతురు లెక్క పేరు ల్యూమెన్. 60 వాట్ల గుండు బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ 800 దాకా ఇస్తుంది. గుండు బల్బులో సన్న తీగ కాగి వెలుగుతుంది. కరెంటులో చాలా భాగం వేడి కిందనే పోతుంది. ముట్టుకుంటే చెయ్యి కాలేది అందుకే.

1000 వాట్లు ఒక గంట కాలితే ఒక యూనిట్. గుండు బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. ఎల్ఈడీకి యూనిట్టున్నర కూడా కాదు. సిరిసిల్లలో బిల్లు సెస్ ఇస్తుంది. జగిత్యాల, కోరుట్లలో ఎన్‌పీడీసీఎల్ ఇస్తుంది. 2024లో గృహజ్యోతి వచ్చింది. దాని కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటితే మొత్తం కట్టాలి. అప్పుడు ఏడెనిమిది యూనిట్లు కూడా బరువే.

పెద్ద భవనాలకు ఈ లెక్క చట్టంలోనే ఉంది. కరెంటు పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2007లో కేంద్రం భవనాలకు నియమాలు రాసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో వాటిని పెద్ద వ్యాపార భవనాలకు తప్పనిసరి చేసింది. 2007 నియమం ప్రకారం 100 చదరపు మీటర్ల ఆఫీసులో దీపాలన్నీ కలిపి 1080 వాట్లు దాటరాదు. 2017లో ఇంకా తగ్గించారు. కిటికీ వెలుతురు పడే చోట దీపాలకు వేరే స్విచ్చి ఉండాలి. పగటిపూట అవి ఆర్పేయొచ్చు.

వెలుతురు తగ్గించమని కాదు. సిరిసిల్ల సాంచాల షెడ్డులో పోగు తెగితే కనపడాలె కదా! తగ్గాల్సింది వాట్లు.

ఈ 2014 నియమాలు చిన్న ఇళ్లకు లేవు. అయినా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి చెప్పాలి. బీడీలు చుట్టే చోట కిటికీ పెట్టించాలి. గోడకు తెల్ల సున్నం వేస్తే వెలుతురు తిరిగి గదిలోకే వస్తుంది. పెంకుటిల్లయితే ఒకటి రెండు అద్దపు పెంకులు చాలు.

దుకాణంలో ఆమె చెయ్యి చాపింది.

"ఆ డబ్బా ఇటియ్యి తమ్మీ. ల్యూమెన్లు ఎన్ని రాసిన్రో సదువుతా. స్టార్లు కూడా చూడాలె. స్టార్లు ఎక్కువుంటే అవే వాట్లకు ఎక్కువ వెలుగుతదట గదా!"