కంటిలో దాగిన ఇనుపముక్కను ఎలా కనిపెడతారు?

సుత్తితో ఉలిని కొడుతున్నప్పుడు ఒక్కొక్కసారి సన్నని ఉక్కుపెళ్ళ ఎగిరిపడుతుంది. ఆవగింజంత కూడా లేని ఆ పెళ్ళ ఎంతో వేగంగా దూసుకువచ్చి కనుగుడ్డులోకి చొచ్చుకుపోవచ్చు. విచిత్రమేమిటంటే, అప్పుడు పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు. చూపు కూడా బాగానే ఉన్నట్లు తోచవచ్చు. "ఏదో నలుసు పడింది, అదే పోతుందిలే" అని ఊరుకుంటే ఏమవుతుంది?

ఇనుము కంటిలో మెల్లమెల్లగా తుప్పుపడుతుంది. అలా కరిగిన ఇనుము కటకంలోకీ, నేత్రపటలంలోకీ చేరి చూపును క్రమంగా హరిస్తుంది. దీనికి సిడరోసిస్ అని పేరు. శుద్ధమైన రాగిముక్క అయితే కొద్ది రోజులలోనే కంటిలో తీవ్రమైన వాపు పుట్టిస్తుంది. కర్రపేడు తనతోపాటు సూక్ష్మజీవులను మోసుకువస్తుంది. గాజు మాత్రం రసాయనికంగా చాలావరకు నిరపాయమైనది. కాబట్టి వైద్యుడు మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి. లోపల ముక్క ఉందా? అది ఏ పదార్థం? సరిగ్గా ఎక్కడుంది?

1879లో బెర్లిన్ నగరంలో హిర్ష్‌బెర్గ్ అనే నేత్రవైద్యుడు విద్యుదయస్కాంతంతో కంటిలోని ఇనుపముక్కను బయటికి లాగాడు. కాని గాయంవల్ల కంటిలో రక్తం నిండితే ముక్క కనబడదు గదా! 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న తరువాతే ఈ చిక్కుకు దారి దొరికింది. లోహం ఎక్స్ కిరణాలను బాగా అడ్డుకుంటుంది. అందువల్ల ఫిల్ముపై దాని ఆకారం స్పష్టంగా పడుతుంది.

అయితే ఒక్క నీడను బట్టి లోతు చెప్పలేం. ఒక పెన్సిలును ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఒకసారి ఎడమకన్ను, మరొకసారి కుడికన్ను మూసి చూడండి. పెన్సిలు పక్కకు జరిగినట్లు అనిపిస్తుంది. దగ్గరగా పట్టుకుంటే ఇంకా ఎక్కువగా జరుగుతుంది. ఇదే సూత్రంతో రెండు వైపులనుంచి తీసిన ఎక్స్‌రే చిత్రాలను పోల్చి ముక్క ఉన్న చోటును లెక్కగట్టేవారు. రోగిని ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూడమని కూడా చిత్రాలు తీసేవారు. కంటితోపాటు ముక్క కూడా కదిలితే, అది కనుగుడ్డులో ఉన్నదని అనుమానించేవారు.

ఈ పనిని సి.టి. స్కాన్ ఎంతో సులభం చేసింది. హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన ఈ యంత్రంతో 1971లో తొలిసారి ఒక రోగి తలను పరీక్షించారు. దోసకాయను చక్రాలుగా తరిగి చూసినట్లు, ఇది కంటిని మిల్లీమీటరు మందంగల పొరలుగా చూపుతుంది. మిల్లీమీటరుకంటె చిన్న లోహపు ముక్కలు కూడా దీనికి చిక్కుతాయి. ఎండుకర్ర మాత్రం గాలిబుడగలా నల్లగా కనిపించి మోసగించవచ్చు.

మరొక సాధనం అతిధ్వని తరంగాలు. నూతిలోకి కేక వేస్తే ప్రతిధ్వని వస్తుంది గదా? అలాగే ఈ తరంగాలు ముక్కకు తగిలి వెనక్కి వస్తాయి. కనుగుడ్డు పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. అందులో ధ్వని వేగం సెకనుకు రమారమి 1500 మీటర్లు. కంటి వెనుక గోడకు తగిలి తిరిగి రావడానికి సెకనులో పదిలక్షల వంతులు 32 చాలు! రక్తం చాటున నేత్రపటలం ఊడిపోయిందా అన్నది కూడా దీనివల్ల తెలుస్తుంది. అయితే గాయం తెరుచుకుని ఉన్నప్పుడు కంటిని నొక్కరాదు. అందువల్ల సాధారణంగా గాయాన్ని కుట్టిన తరువాతే ఈ పరీక్ష చేస్తారు.

ఎమ్.ఆర్.ఐ. యంత్రం సంగతి వేరు. దానిలో బలమైన అయస్కాంతం ఉంటుంది. అది కంటిలోని ఇనుపముక్కను కదిలించి, ఉన్న కాస్త చూపునూ పోగొట్టవచ్చు. అందుకే లోహం ఉందన్న అనుమానముంటే ముందు సి.టి. గాని, ఎక్స్‌రే గాని తీస్తారు.

చిత్రం చూశాకే చికిత్స నిర్ణయమవుతుంది. ముక్క కంటి ముందుభాగంలో ఉంటే ముందునుంచే తీస్తారు. వెనుక ఉంటే, అక్కడి జిగురుద్రవాన్ని సన్నని పరికరంతో తొలగించి, చిన్న పట్టకారుతోగాని అయస్కాంతంతోగాని బయటికి తెస్తారు. ఏ బాధా పెట్టని గాజుముక్కను ఒక్కొక్కప్పుడు కదపకుండా వదిలివేస్తారు.

ఎవరికైనా ఇలాంటి ప్రమాదం జరిగితే కన్ను నలపరాదు, కడగరాదు, గుచ్చుకున్నదాన్ని లాగరాదు. కంటికి తగలకుండా గట్టి కప్పు అడ్డుపెట్టి వెంటనే నేత్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఆ సమయంలో ఏ పని చేస్తున్నారో, ఏ వస్తువు ఎగిరిందో తప్పక చెప్పాలి. ఏ పరీక్ష చేయాలో తేల్చుకోవడానికి వైద్యునికి ఆ ఒక్కమాట ఎంతో సాయపడుతుంది. సుత్తి పట్టే ముందు రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆ అవసరమే సాధారణంగా రాదు!