మీకు తెలుసా? పట్టాలున్నా సొంత దేశంతో కలవని రైలు

క్రొయేషియా పటంలో పడమటి చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన ద్వీపకల్పం ఇస్ట్రియా. సెలవులకు వచ్చే జనమంతా తీరం దగ్గరే ఆగిపోతారు. లోపలికి వెళ్తే, బూడిదరంగు మట్టి గుట్టల నడుమ త్సెరోవ్‌ల్యే అనే గ్రామీణ మున్సిపాలిటీ వస్తుంది. మున్సిపాలిటీ అన్నారు కదా అని పట్టణాన్ని ఊహించుకోకండి. ఉన్నవి 15 ఊళ్లు. అన్నిట్లో కలిపి రెండు వేల మంది కూడా ఉండరు. మన దగ్గర ఓ మోస్తరు పంచాయతీలో ఇంతకంటే ఎక్కువ ఓట్లుంటాయి. అయినా చరిత్ర మాత్రం ఒక రాజ్యానికి సరిపడా ఉంది.

ఇక్కడి ద్రాగుచ్ ఊరు 1523లో వెనిస్ పాలన కిందికి వెళ్లింది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని పాజ్, బెలాయ్ మాత్రం ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్‌ల ఏలుబడిలోనే ఉండిపోయాయి. అంటే ఒక ఊరి మేకలు పక్క ఊరి బీడులోకి వెళ్తే అది రెండు రాజ్యాల తగాదా! 1615లో ఆ రెండు రాజ్యాలకూ నిజంగానే యుద్ధం వచ్చింది. మూడేళ్ల పాటు రెండు వైపుల సైన్యాలూ ఈ చుట్టుపక్కల ఊళ్లను తగలబెట్టాయి. 1797లో వెనిస్ రాజ్యం కూలిపోయాకే ఆ సరిహద్దు చెరిగింది.

పొలిమేర తగాదాలు అంతకు ముందూ ఉండేవి. వాటిని తేల్చడానికి ప్రభువులు, గ్రామ పెద్దలు కలిసి ఊరూరా తిరిగి హద్దులు ఖాయం చేసిన వైనం ‘ఇస్టార్‌స్కి రాజ్‌వొద్’ అనే మధ్యయుగ పత్రంలో ఉంది. ముగ్గురు లేఖరులు దాన్ని లాటిన్, జర్మన్, క్రొయేషియన్ భాషల్లో రాశారట. మనకు దక్కింది క్రొయేషియన్ పాఠమే. అదీ గ్లాగొలిత్సా అనే ప్రాచీన స్లావిక్ లిపిలో.

సరిహద్దు ప్రాంతమన్నాక కోటలు తప్పవు. పాజ్‌లో ఉన్నది శిథిలం. బెలాయ్ దగ్గర పోసెర్ట్ అనే మరో పాత కోట చెట్ల మధ్య గోడలుగా మిగిలింది. బెలాయ్‌లోని భవంతి మాత్రం నిలబడే ఉంది. అది కొంతకాలం ఆస్ట్రియాకు చెందిన ఆవర్స్‌పెర్గ్ ప్రభువుల చేతిలో ఉండేది. కోటల పిచ్చి ఉన్నవాళ్లు ఇవన్నీ చూడొచ్చు గానీ, ఒక్కపూటే వీలున్నవాళ్లు ద్రాగుచ్‌లోని చిన్న గుడికి వెళ్లాలన్నది నా ఓటు.

ఆ గుడి సెయింట్ రోక్‌ది. ప్లేగు నుంచి కాపాడతాడని ఐరోపా జనం మొక్కుకునే సాధువు ఆయన. ఊరి చివర ఉన్న ఆ గుడి లోపలి గోడలన్నీ బొమ్మలే. తడి సున్నపు పూత ఆరకముందే రంగులు వేసే పద్ధతిలో 1529లో కొన్ని, 1537లో కొన్ని వేశారు. బాలఏసును చూడటానికి గుర్రాల మీద వచ్చే రాజుల ఊరేగింపు వాటిలో ముఖ్యమైనది. ముఖాలు కాస్త మొరటుగా, చేతులు కాస్త పొడుగ్గా ఉంటాయి, అయినా కళ్లు తిప్పుకోలేం. చిత్రకారుడు పాడువాకు చెందిన ఆంటోనియోనని సంతకం చేసుకున్నాడు. పేరు చూసి ఇటలీలోని ప్రసిద్ధ నగరం నుంచి వచ్చాడనుకుంటే పొరపాటే. ఈ పాడువా ద్రాగుచ్ పక్కనే ఉన్న చిన్న పల్లె, ఇప్పటి పేరు కష్చెర్గా. ఇంత బొమ్మల కొలువు వేసింది పొరుగూరి మనిషే!

ద్రాగుచ్‌కు ‘ఇస్ట్రియా హాలీవుడ్’ అని ముద్దుపేరు కూడా ఉంది. రాతి ఇళ్లు, పాత వీధులు చెక్కుచెదరకపోవడంతో సినిమా వాళ్లకు సెట్టు వేసే ఖర్చు తప్పింది.

ఇంకో ముచ్చట. ఈ ఊళ్ల మీదుగా పారే పాజిన్‌చిత్సా అనే చిన్న నది పక్కనున్న పాజిన్ పట్టణం చేరాక, కోట కింద ఉన్న సుమారు 100 మీటర్ల లోతు అగాధంలోకి దూరి మాయమవుతుంది. 1885లో జూల్స్ వెర్న్ తన ‘మథియాస్ సాండోర్ఫ్’ నవలలో కథానాయకుణ్ని ఆ కోటలో ఖైదు చేయించి, ఈ అగాధం గుండా తప్పించి, నీళ్లతోపాటు పడమటి తీరంలోని లిమ్ పాయలో తేల్చాడు. వెర్న్ ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. పాజిన్ మేయరు పంపిన ఫొటోలు చూసి రాశాడు. నిజానికి ఆ నీళ్లు వెళ్లేది తూర్పు వైపు రాషా లోయకు. కథ మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంటుంది.

ఇక రైలు సంగతి. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఆస్ట్రియా-హంగరీ నౌకాదళానికి ప్రధాన స్థావరం ఇస్ట్రియా కొసనున్న పూలా. వియన్నా నుంచి వచ్చే ప్రధాన మార్గం మీద ఉన్న దివాచా నుంచి పూలా దాకా సుమారు 122 కిలోమీటర్ల లైను వేసి 1876 సెప్టెంబరు 20న ప్రారంభించారు. సైన్యం అవసరం కోసం వేసిన ఆ లైను మీదే త్సెరోవ్‌ల్యే మున్సిపాలిటీకి బోరుత్, త్సెరోవ్‌ల్యే, నోవాకి స్టేషన్లు దక్కాయి.

పట్టాలు అక్కడే ఉన్నాయి, దేశాలే మారాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీ వచ్చింది. ఫాసిస్టు పాలనలో బళ్లలో క్రొయేషియన్ చదువు మూతపడింది, ఇంటిపేర్లను కూడా ఇటాలియన్ బాణీలోకి మార్చారు. 1947లో శాంతి ఒప్పందం ప్రకారం ఈ ప్రాంతం యుగోస్లావియా చేతికి పోయింది. 1991లో అందులోంచి క్రొయేషియా, స్లొవేనియా విడిపోయాయి. దివాచా స్లొవేనియాలో పడింది, పూలా క్రొయేషియాలో పడింది. దాంతో విచిత్రం జరిగింది. ఇస్ట్రియా లైనుకు క్రొయేషియాలోని మిగతా రైలు మార్గాలతో సొంత గడ్డ మీద లంకె లేకుండా పోయింది. ఇక్కడి రైలు పెట్టె రాజధాని జాగ్రెబ్‌కు పట్టాల మీద చేరాలంటే స్లొవేనియా మీదుగానే వెళ్లాలి. అందుకే రైల్వేవాళ్లు ఈ లైను మీదున్న లుపోగ్లావ్ స్టేషన్‌లో ప్రయాణికులను దించి, బస్సెక్కించి క్రొయేషియా రేవు నగరం రియెకాకు పంపే ఏర్పాటు కూడా నడిపారు. రెండు దేశాలూ షెంజెన్ ఒప్పందంలో ఉండటంతో 2023 జనవరి 1న సరిహద్దులో పాస్‌పోర్టు తనిఖీ ఎత్తేశారు గానీ, పట్టాల లోటు తీరలేదు.

అడ్డంగా ఉన్నది ఊచ్కా పర్వతం. దాని కింద రైలు సొరంగం తవ్వి ఇస్ట్రియాను రియెకాతో కలపాలన్న మాట దశాబ్దాలుగా నలుగుతోంది. 1981లో ఊచ్కాకు సొరంగం వచ్చింది కూడా, కాకపోతే కార్లకూ బస్సులకూ.