ప్రాజెక్టు పూర్తయింది సరే, బావి నీళ్ల సంగతేంటి?

రసాయనాలు, ప్రమాదకర వ్యర్థాల నిర్వహణను బలోపేతం చేస్తామంటూ కోట్ల రూపాయల ప్రాజెక్టులు వస్తుంటాయి. 2010లో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ సామర్థ్య ప్రాజెక్టు అలాంటిదే. దానికి ఎంచుకున్న రెండు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, పశ్చిమ బెంగాల్ రెండోది. మన వైపు శుభ్రం చేయడానికి కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంటను, కడప మున్సిపల్ చెత్త డంపును తీసుకున్నారు. కాలుష్య నియంత్రణ మండలి సిబ్బందికి శిక్షణ, ల్యాబుల మెరుగుదల కూడా అందులో భాగమే.

ఇలాంటి ప్రాజెక్టు ముగిశాక మూల్యాంకనం జరుగుతుంది. అంతర్జాతీయంగా వాడే కొలమానాలు ఆరు: అవసరానికి తగిందా, ఇతర పనులతో పొందిక ఉందా, లక్ష్యం నెరవేరిందా, ఖర్చుకు తగ్గ పని జరిగిందా, ప్రభావమేంటి, ఫలితం నిలుస్తుందా. చదవడానికి బాగానే ఉంటాయి. చిక్కల్లా వాటిని దేనితో కొలుస్తారన్న దగ్గరే. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని పరికరాలు కొన్నారు అన్నవి చేసిన పనులు. బోరు నీళ్లు బాగుపడ్డాయా అన్నది ఫలితం. మొదటిది లెక్కపెట్టడం సులువు కాబట్టి రిపోర్టుల నిండా అదే కనిపిస్తుంది. నల్లగొండ వాళ్లకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఎన్ని ట్యాంకులు కట్టారన్నది వేరు, పిల్లల ఎముకలు వంకర పోవడం ఆగిందా అన్నది వేరు. ఫ్లోరైడ్ భూమిలోంచే వచ్చింది, ఫ్యాక్టరీ నీళ్లు మాత్రం ఒకరు వదిలితేనే వస్తాయి.

ఆ ఆరు కొలమానాల పేర్లలో కులం లేదు. మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల దగ్గరి పోలేపల్లిని చూడండి. 2000ల తొలి ఏళ్లలో అక్కడ సెజ్ కోసం భూములు తీసుకున్నారు. పోగొట్టుకున్నవాళ్లలో దళిత, లంబాడా, బీసీ కుటుంబాలే ఎక్కువ. 2008 జడ్చర్ల ఉపఎన్నికలో ఆ బాధితులే నామినేషన్లు వేసి పోటీకి దిగారు. ఇప్పుడు అక్కడ మందుల కంపెనీలు నడుస్తున్నాయి, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు చెరువు నీళ్ల గురించి ఫిర్యాదులు చేస్తున్నారు. మండలి సామర్థ్యం పెరిగిందని ఏ రిపోర్టు రాసినా, భూమి పోయిన వాళ్ల గూడెంలో, తండాలో బోరు నీటిని ఎవరైనా పరీక్షించారా అని మేం అడుగుతాం. చౌటుప్పల్, బీబీనగర్ వైపు ఊళ్లకూ ఇదే ప్రశ్న.

కాబట్టి మూల్యాంకనాన్ని కన్సల్టెంట్లకే వదిలేయనక్కర్లేదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఫ్యాక్టరీ వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి తన దగ్గర ఉంచుకోకూడదు. లారీ కదిలితే ఏడు ప్రతుల మ్యానిఫెస్ట్ ఉండాలి. ఏటా జూన్ 30లోగా మండలికి రిటర్న్ ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద ఆ రిటర్న్, మ్యానిఫెస్టులు, కన్సెంట్ ఉత్తర్వు అడగండి. ఎంత వ్యర్థం పుట్టింది, ఎంత డంపింగ్ కేంద్రానికి చేరింది, మధ్యలో మాయమైంది ఎంత? ఈ తీసివేతకు ఇంటర్ చదివిన పిల్లలు చాలు. అర్ధరాత్రి వాగులో ఖాళీ అయ్యే ట్యాంకర్లు ఎక్కువగా ఈ తేడాలోనే దొరుకుతాయి.

మరో ఆయుధాన్ని మన వాళ్లు తక్కువగా వాడుతున్నారు. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే ఊటను, చెరువును, మరే నీటి వనరునైనా పాడుచేసి వాడకానికి పనికిరాకుండా చేయడం అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. 1989 నుంచీ ఉన్న మాట ఇది. ఎస్సీ, ఎస్టీలు కానివాళ్లు చేసినప్పుడే ఈ సెక్షన్ వర్తిస్తుంది, నిరూపణ కష్టమే. అందుకే నీటి నమూనా తీసిన తేదీ, చోటు, సీసా మీద సంతకాలు, పంచనామా ముఖ్యం. నమూనా తీసేటప్పుడు గూడెం పెద్దల్ని పక్కన నిలబెట్టమని అధికారిని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే ఆ తిరస్కారాన్నీ రాతలో తీసుకోండి.