జలపాతముల లోయలో మూడు రాత్రులు

జలపాతము పగటికంటె రాత్రివేళ బిగ్గరగా ధ్వనించునని ఎవరైనను చెప్పినచో, అది నిశ్శబ్దము కల్పించిన భ్రాంతియని త్రోసివేయుట సహజము. మేమును అట్లే తలచితిమి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి యోసెమిటీ జాతీయవనములో, మే నెలాఖరున, మేము దంపతులము గుడారము వేసికొని మూడు రాత్రులు గడపిన పిమ్మటగాని ఇందలి నిజము మాకు బోధపడలేదు.

యోసెమిటీ లోయ సియెర్రా నెవాడా పర్వతములలో నున్నది. పొడవు సుమారు 7 మైళ్లు. వెడల్పు ఇంచుమించు ఒక మైలు. ఇరువైపుల గ్రానైటు గోడలు కొన్నిచోట్ల 3,000 అడుగుల ఎత్తున నిలిచియున్నవి. నడుమ మెర్సెడ్ నది పారుచున్నది. ఈ ప్రదేశమును 1890లో జాతీయవనముగా ప్రకటించిరి.

ఈ గోడలపైనుండి ఇన్ని జలపాతములేల దుముకుచున్నవి? లోయ అడుగు ఒక్కమారుగా క్రుంగిపోయినదని ఆ రాష్ట్రపు భూగర్భశాస్త్రజ్ఞుడు జోసయా విట్నీ చెప్పెను. అక్కడి కొండలలో గొఱ్ఱెల మందవెంట తిరిగి, రంపపు మిల్లులో పనిచేసిన జాన్ మ్యూర్ మాత్రము ఇది హిమానీనదముల పనియని 1871లో వ్రాసెను. నదియు మంచును కలిసి ఈ లోయను తొలిచినవని తరువాతి పరిశోధనలు తేల్చినవి. మ్యూర్ పట్టిన త్రోవయే సరియైనదయ్యెను.

హిమానీనదమనగా ఏండ్లతరబడి పేరుకొన్న మంచు తన బరువుచేతనే మెల్లమెల్లగా జరుగుచు, క్రిందిరాతిని ఒరసికొనిపోవు ప్రవాహము. పెద్ద లోయలోని హిమానీనదము బలమైనది. అది అడుగును మిక్కిలి లోతుగా తొలిచెను. ప్రక్కనుండి వచ్చి కలియు చిన్న హిమానీనదములకు అంత శక్తి లేకపోయెను. మంచు కరగిపోయిన పిదప చిన్న లోయలు పెద్ద లోయ గోడలమీద, ఎత్తున వ్రేలాడుచు మిగిలిపోయినవి. పూర్వము సాఫీగా వచ్చి నదిలో కలిసిన వాగులు ఇప్పుడు దుమికియే రావలసియున్నవి. 620 అడుగుల బ్రైడల్‌వెయిల్ జలపాతము అట్టి వ్రేలాడు లోయకు చక్కని ఉదాహరణము. యోసెమిటీ జలపాతము మూడంచెలుగా, 1,430, 675, 320 అడుగులు, వెరసి 2,425 అడుగులు దిగుచున్నది.

మన శ్రీ వేంకటేశ్వర జాతీయవనములోని తలకోనకు వానలే జీవము. యోసెమిటీ జలపాతమునకు ప్రధానముగా శీతకాలపు మంచే జీవము. పైనున్నది చాలవరకు వట్టి రాతినేల. నీటిని పీల్చి దాచుకొను మన్ను తక్కువ. అందుచేత కరగిన నీరు నిలువక పారిపోవును. మే నెలలో ఉరకలువేయు జలపాతము ఆగస్టునాటికి తరచుగా ఎండిపోవును. అప్పుడు వచ్చువారికి రాతిపై నల్లని చారమాత్రమే కనబడును.

రాత్రి ధ్వనికిని ఇదియే కారణము. మధ్యాహ్నపు ఎండకు పైకొండలలో మంచు కరగును. ఆ నీరు వాగులవెంబడి వచ్చి లోయకు చేరుసరికి చీకటిపడును. మేము గుడారములో పరుండి వినినది ఆనాటి మధ్యాహ్నపు ఎండయొక్క ఫలితమే.

శిబిరములో మొదటి పాఠము ఎలుగుబంట్లను గూర్చినది. వాటి ఘ్రాణశక్తి అద్భుతమైనది. కావున ఆహారమునేగాక వాసనగల సమస్త వస్తువులను ఇనుపపెట్టెలో పెట్టి మూయవలెనని వనరక్షకుడు చెప్పెను. ఆవకాయ జాడీతోపాటు సబ్బును, పండ్లపొడిని, కొబ్బరినూనె సీసానుగూడ అందులోనే దాచితిమి. మనుష్యుల తిండికి మరగిన ఎలుగు నిర్భయముగా జనులమధ్యకు వచ్చును. తుదకు దానినే చంపవలసివచ్చును. మన అజాగ్రత్తకు అది ప్రాణమిచ్చుకొనునన్నమాట.

మూడవనాడు 600కు పైగా రాతిమెట్లెక్కి, తుంపరలలో తడిసి, 317 అడుగుల వర్నల్ జలపాతపు శిఖరమును చేరితిమి. దానికి కొంచెము ఎగువన ఎమరాల్డ్ మడుగు పచ్చని అద్దమువలె నుండెను. అలసిన పాదములను ఒక్కమారు తడుపుకొందమని మాకు తోచెను. అంతలో హెచ్చరిక పలక కనబడెను. ఆ రాయి నీటి ఒరిపిడిచే నున్నబడినది; తడిసినచో కాలు నిలువదు. నీరు మంచు కరగినది గనుక క్షణములో అవయవములు కొంకర్లుపోవును. పైకి నెమ్మదిగా కనబడు నీరు లోపల బలముగా అంచువైపునకు లాగుచుండును. 2011 జూలైలో ఇచ్చటనే కంచె దాటిన యువజనులు ముగ్గురు ఒకరినొకరు రక్షింపబోయి జలపాతమునుండి పడి మరణించిరి. మేము బూట్లు విప్పకయే వెనుదిరిగితిమి.

క్రింద గర్జించు నీటిని చూచి ఎవరైనను భయపడుదురు. ప్రమాదము ఎగువన, నిశ్చలముగా తోచు నీటిలో నున్నది. తలకోనకు పోయినను, యోసెమిటీకి పోయినను యాత్రికుడు మరువరాని సంగతి ఇదియే. నాటి రాత్రి జలపాతము మరల బిగ్గరగా మ్రోగెను. ఈమారు మేము దానిని భ్రాంతి యనుకొనలేదు.